భుజం నొప్పికి బరువే మందు: ఇంట్లో సైకిల్ ట్యూబుతో ఎలా మొదలుపెట్టాలి

భుజం నొప్పి మొదలైతే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జరిగేది దాదాపు ఒకటే వరస. ముందు బామ్ రాస్తారు. తగ్గకపోతే మెడికల్ షాపులో అడిగి రెండు రకాల బిళ్లలు తెచ్చుకుంటారు. తర్వాత ఫిజియోథెరపీ యంత్రంతో ‘కరెంటు పెట్టించుకుంటారు’. అప్పటికీ లొంగకపోతే సూదిమందు. ఇన్ని చేస్తూ ఆ చేతికి మాత్రం పని చెప్పరు. బకెట్ కూడా రెండో చేత్తోనే ఎత్తుతారు. నెల తర్వాత నొప్పి కొంచెం సర్దుకుంటుంది. కానీ నెలరోజులు బరువు ఎరగని కండరం ఈలోగా ఇంకా నీరసపడి ఉంటుంది. మళ్లీ పనిలోకి దిగిన వారానికే జబ్బ పీకడం మొదలవుతుంది.

ఈ వరసను తిరగేయమని చెప్పడానికే, ఫిజియోథెరపిస్టుగా ఇది రాస్తున్నాను. భుజం నొప్పుల్లో ఎక్కువ భాగానికి నమ్మకమైన వైద్యం, ఆ భుజానికి కొలిచి కొలిచి బరువు పెట్టడమే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో వెయిట్ లిఫ్టింగ్ ఆడపిల్లలకు కూడా ఊరి ఆటే. బరువు గురించి ఇంత తెలిసిన చోట, భుజం నొప్పి అనగానే బరువును శత్రువులా చూడటం నాకు వింతగా ఉంటుంది. కంగారు పడకండి, మీరు మొదలుపెట్టేది అర లీటరు నీళ్ల సీసాతో.

ముందు ఇది ఏ నొప్పో తేల్చుకోండి

ఈ వ్యాయామాలు పనికొచ్చే నొప్పికి కొన్ని గుర్తులుంటాయి. నొప్పి సరిగ్గా కీలు మీద కాకుండా జబ్బ బయటి వైపు, మోచేతికి పైన ఎక్కడో ఉంటుంది. చెయ్యి పక్కనుంచి పైకెత్తుతుంటే మధ్యలో ఒకచోట పట్టుకుంటుంది. దండెం మీద బట్టలు ఆరేయడం, జడ వేసుకోవడం, జాకెట్టు హుక్ పెట్టుకోవడం, బస్సులో పై కడ్డీ పట్టుకోవడం కష్టమవుతాయి. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే మెలకువ వచ్చేస్తుంది. చాలామందిలో ఇది ఉన్నట్టుండి పెరిగిన పని వల్ల వస్తుంది. ఏడాదంతా చేతులు తల పైకి ఎత్తని మనిషి సంక్రాంతి ముందు నాలుగు రోజుల్లో ఇల్లంతా సున్నం వేస్తాడు. పండగ నాటికి భుజం పట్టేస్తుంది.

కింద చెప్పినవాటిలో ఏదున్నా మాత్రం ఇక్కడితో ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఎడమ భుజం, చెయ్యి లాగుతూ, ఛాతీ బరువెక్కి, చెమటలు పడుతుంటే అది గుండె నొప్పి కావచ్చు. బామ్ రాసుకుని తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. బండి మీద నుంచో చెట్టు మీద నుంచో పడ్డాక చెయ్యి లేవకపోతే కండరం తెగి ఉండవచ్చు, ఎముక విరిగి ఉండవచ్చు, కీలు జారి ఉండవచ్చు. జ్వరంతో పాటు భుజం ఎర్రగా వాచినా, కారణం లేకుండా ఒళ్లు తగ్గిపోతున్నా, ఎలా పడుకున్నా రాత్రంతా ఒకే తీరుగా నొప్పి ఉన్నా, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందు పరీక్షలు చేయించుకోండి. మెడ తిప్పగానే నొప్పి వేళ్లదాకా జివ్వున పాకి తిమ్మిరెక్కుతుంటే సమస్య మెడలో ఉందేమో చూడాలి.

ఇంకొకటి ఉంది. మోచెయ్యి నడుముకు ఆనించి, తొంభై డిగ్రీలు మడిచి, అరచేతిని బయటికి తిప్పండి. మీరు తిప్పినా తిరగక, ఇంట్లో ఇంకొకరు నెమ్మదిగా తిప్పినా అక్కడే బిగుసుకుపోతే అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. షుగర్ ఉందో లేదో తెలియకపోతే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఇందులో నొప్పి ముదిరి ఉన్న మొదటి నెలల్లో బరువులతో యుద్ధం చేయకూడదు. దాని దారి వేరు.

బరువు ఎందుకు పనిచేస్తుంది

చేతి ఎముక తల పెద్దది. అది కూర్చునే గుంట చిన్నది, లోతు లేనిది. కలశం మీద కొబ్బరికాయ పెట్టి, ఆ కలశాన్ని పక్కకు వంచినా కాయ జారకూడదంటే ఎంత కష్టమో ఆలోచించండి. భుజం రోజంతా చేసే పని అదే. చెయ్యి ఎటు తిరిగినా ఆ బంతిని గుంట మధ్యలో నొక్కి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. వాటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వాటి కొసలే ఎముకకు అతుక్కునే స్నాయువులు. అలవాటు లేని పని ఒక్కసారిగా మీద పడితే స్నాయువు నొప్పెడుతుంది, పూర్తి విశ్రాంతి ఇస్తే బలహీనపడుతుంది, కొంచెం కొంచెంగా బరువు పెంచుకుంటూ పోతే తట్టుకోవడం నేర్చుకుంటుంది. అందుకు వారాలు పడుతుంది. ఎంత తొందరపడినా అది రోజుల్లో జరిగే పని కాదు.

‘స్కానింగులో చిరుగు ఉందన్నారు, బరువెత్తితే ఇంకా చిరగదా?’ అని అడుగుతారు. అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్లకు స్కానింగు తీసినా చాలామందిలో కఫ్ చిరుగులు కనిపిస్తాయి. వయసుతో జుట్టు నెరవడం ఎంత మామూలో ఇదీ అంతే. దెబ్బ తగిలి ఒక్కసారిగా పూర్తిగా తెగిన కండరం సంగతి వేరు, దానికి సర్జన్ చూడాల్సిందే. మిగతావాళ్లు ఫిల్ము చూసి టెన్షన్ పడక్కర్లేదు.

సామాన్లు

పాత సైకిల్ ట్యూబు ఒకటి. పంక్చర్ షాపులో అడిగితే పది, ఇరవై రూపాయలకు ఇస్తారు, ఊరికే ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాల్వు దగ్గర కోసి, ఆ ముక్క పారేసి, లోపలి తెల్లపొడి పోయేలా సబ్బుతో కడగండి. రెండు చేతులతో సాగదీసి వెలుతురుకి పెట్టి చూడండి. పగుళ్లు కనిపిస్తే వద్దు, మధ్యలో తెగితే మొహానికి తగులుతుంది. డబ్బు పెట్టగలిగితే థెరాబ్యాండ్ (వ్యాయామానికి వాడే రబ్బరు పట్టీ) కొనుక్కోవచ్చు, పని మాత్రం రెండూ ఒకటే చేస్తాయి.

అర లీటరు, లీటరు సీసాలు. లీటరు నీళ్లంటే కిలో. అదే సీసాలో పొడి ఇసుక నింపితే సుమారు ఒకటిన్నర కిలో అవుతుంది. తర్వాత అయిదు లీటర్ల నూనె డబ్బా. చుట్టడానికి ఒక తువ్వాలు. ఒక చీపురు కర్ర. అంతే.

మొదట గోడ

నొప్పి బాగా రేగి ఉన్న మొదటి వారం, పది రోజులు చెయ్యి కదపకుండానే కండరానికి పని చెప్పండి. గోడ పక్కన నిలబడి, మోచెయ్యి మడిచి నడుముకు ఆనించి, చేతి వెనక భాగంతో గోడను బయటికి నొక్కండి. బలమంతా పెట్టకండి, సగం చాలు. ముప్పై దాకా లెక్కపెట్టి వదిలేయండి. అయిదుసార్లు. తర్వాత గోడ మూల దగ్గర నిలబడి అరచేత్తో లోపలి వైపుకు అంతే, మోచేత్తో పక్క గోడకు అంతే. రోజుకు రెండుసార్లు చేయవచ్చు. కొంతమందికి ఇది చేసిన కాసేపు నొప్పి తేలికపడినట్టుంటుంది, కొంతమందికి ఏమీ తేడా ఉండదు. రెండూ మామూలే.

ఆ తర్వాత ట్యూబు

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ట్యూబును కిటికీ ఊచకు మీ మోచేతి ఎత్తులో ముడేయండి. కిటికీకి ఎదురుగా కాదు, పక్కగా నిలబడండి, నొప్పి ఉన్న భుజం కిటికీకి దూరంగా ఉండే వైపు ఉండాలి. తువ్వాలును చపాతీ కర్రంత లావుగా చుట్టి మోచేతికి, పక్కటెముకలకు మధ్య పెట్టుకోండి. తువ్వాలు జారి పడిపోయిందంటే మోచెయ్యి ఒంటి నుంచి దూరం జరిగిందని అర్థం, మీ పక్కన నేను లేకపోయినా ఆ తువ్వాలు చెబుతుంది. ఇప్పుడు ట్యూబు పట్టుకున్న చెయ్యి పొట్ట ముందు ఉంటుంది. మోచెయ్యి కదలకుండా, తలుపు తెరిచినట్టు ముంజేతిని బయటికి తిప్పండి. రెండు లెక్కపెట్టేలోగా తెరవాలి, ఒక లెక్క ఆగాలి, నాలుగు లెక్కపెడుతూ వెనక్కి రావాలి.

ఆ నాలుగు లెక్కలే ముఖ్యం. అందరూ లాగడం బాగానే లాగుతారు, వదిలేటప్పుడు ట్యూబు టప్పున లాక్కుపోతుంది. బరువు కిందికి దించేటప్పుడు కండరం సాగుతూ బిగిసి ఉంటుంది, బలం పెరిగే పని సగం అక్కడే జరుగుతుంది. మణికట్టు వెనక్కి వంచి చేయి తిరిగినట్టు కనిపించేలా చేయడం, నడుము తిప్పేయడం, భుజాన్ని చెవి దాకా ఎత్తేయడం ఈ వ్యాయామంలో మూడు దొంగతనాలు. అద్దం ముందు చేస్తే మీకే దొరుకుతాయి.

పన్నెండు నుంచి పదిహేను సార్లు చేస్తే ఒక విడత. నిమిషం, నిమిషన్నర ఆగి రెండో విడత, మూడో విడత. ట్యూబు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? ఆఖరి రెండు మూడు సార్లు కష్టపడి లాగాలి. ముప్పైసార్లు కబుర్లు చెబుతూ లాగగలిగితే అది వ్యాయామం కాదు, కాలక్షేపం. కిటికీకి ఇంకో అడుగు దూరం జరగండి, లేదా ట్యూబు రెండు మడతలు వేయండి.

అదే ట్యూబుతో కిటికీకి ఎదురుగా నిలబడి, రెండు చివర్లు పట్టుకుని, మోచేతులు వెనక్కి వెళ్లేలా పొట్ట వైపుకు లాగండి. వీపు మీద త్రికోణంగా ఉండే భుజం పలకలు రెండూ ఒకదాని వైపు ఒకటి రావాలి. ఇదీ పన్నెండు చొప్పున మూడు విడతలు. తర్వాత గోడ మీద దండీ (పుష్-అప్): అరచేతులు గోడకు ఆనించి, ఒంటిని గోడ వైపు వంచి, తోసుకుని వెనక్కి వచ్చాక చివర్లో ఇంకొంచెం తోయండి, వీపు కొద్దిగా గుండ్రంగా అయ్యేదాకా. గోడ తేలికైతే అరుగు, అరుగు తేలికైతే మంచం పట్టె, ఆ తర్వాత నేల.

ఈ మూడూ రోజు విడిచి రోజు. రోజూ చేస్తే త్వరగా తగ్గుతుందనుకోకండి, కండరం కోలుకునేది మధ్య రోజున.

పైకెత్తడం

రెండు, మూడు వారాలు ట్యూబు పని కుదిరాక చెయ్యి ఎత్తడం మొదలుపెట్టండి. చెయ్యి నేరుగా పక్కకూ కాదు, నేరుగా ముందుకూ కాదు, రెండింటి మధ్య ఏటవాలుగా, బొటనవేలు పైకి ఉండేలా ఎత్తాలి. భుజం పలక అమరిక ఆ కోణంలోనే ఉంటుంది కాబట్టి అక్కడ నొప్పి తక్కువ. సొంతంగా లేవకపోతే చీపురు కర్ర రెండు చేతులతో పట్టుకుని, బాగున్న చెయ్యి సాయంతో పైకి తీసుకెళ్లండి. పైన కర్ర వదిలేసి, నొప్పి ఉన్న చేతిని దాని సొంత బలంతోనే నెమ్మదిగా దించండి. వారం, పది రోజుల్లో కర్ర అక్కర్లేకుండా పోవచ్చు. అప్పుడు అర లీటరు సీసా చేతికి వస్తుంది, భుజం ఎత్తు వరకే, పదేసి చొప్పున మూడు విడతలు. తర్వాత లీటరు. తర్వాత ఇసుక.

ఆరేడు వారాలకు సీసాను భుజం దగ్గర నుంచి తల పైకి నెట్టడం చేర్చండి. కూర్చుని చేస్తే నడుము వంచి మోసం చేసే వీలుండదు. నూనె డబ్బాలో సగం నీళ్లు పోసి, ఒక చేత్తో పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడవడం కూడా మంచి వ్యాయామమే, కానీ అది ఎలా చేయాలో మన ఆడవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఎప్పుడు పెంచాలి? వరుసగా రెండు వ్యాయామం రోజుల్లో మూడు విడతల్లోనూ పదిహేను సార్లు సులువుగా వస్తే పెంచండి. పెంచినప్పుడు మళ్లీ పదికో ఎనిమిదికో దిగండి.

నొప్పిని ఎలా కొలవాలి

చేసేటప్పుడు నొప్పి రాకూడదనే నియమం పెట్టుకుంటే అసలు మొదలేపెట్టలేరు. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే తట్టుకోలేనిది. చేసేటప్పుడు నాలుగు వరకు ఫరవాలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి ముందు రోజు స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే వ్యాయామం తప్పని కాదు, మోతాదు ఎక్కువైందని. ఒక విడత తగ్గించండి, సీసాలో నీళ్లు కొన్ని ఒంపేయండి. మొత్తం మానేసి మంచం ఎక్కకండి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగంమంది ఆగిపోయేది ఈ రెండో వారంలోనే, ‘బాబూ, మొన్న చేశాక రాత్రంతా పీకింది, ఇంక వద్దు’ అని.

రాత్రి నిద్ర కోసం: బాగున్న పక్కకు తిరిగి, నొప్పి ఉన్న చెయ్యి కింద ఒక దిండు పెట్టి దాన్ని కౌగిలించుకుని పడుకోండి. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి కింద మడిచిన దుప్పటి పెట్టండి.

బిళ్లలు, సూదిమందు, ఆపరేషన్

ఉద్దానం వాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో, దాని అసలు కారణం ఇప్పటికీ తేలలేదనీ మీకు తెలుసు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని ఒంటి మీద ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. కొబ్బరి తోటలో, జీడి తోటలో పని చేసి వచ్చి రోజూ రాత్రి ఒక నొప్పి బిళ్ల వేసుకోవడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించుకోకుండా, డాక్టరు చెప్పకుండా ఆ బిళ్లలు వేసుకోకండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకూ ఇదే మాట.

స్టెరాయిడ్ సూదిమందు కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. నిద్రే పట్టనంత నొప్పి ఉన్నవాళ్లకు, వ్యాయామం మొదలుపెట్టే వీలు కోసం డాక్టరు ఇస్తే తప్పు లేదు. నొప్పి తగ్గింది కదా అని ట్యూబు అటకెక్కించడమే తప్పు. బ్రిటన్‌లో 708 మందితో చేసి 2021లో ప్రచురించిన పరిశీలనలో ఏడాది లెక్క చూస్తే సూదిమందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా కనిపించలేదు. అందులోనే ఇంకో సంగతి: ఫిజియోథెరపిస్టు దగ్గరకు ఆరుసార్లు దాకా వెళ్లినవాళ్లు, ఒక్కసారి వెళ్లి బాగా నేర్చుకుని ఇంట్లో చేసుకున్నవాళ్లు ఏడాదికి దాదాపు ఒకేలా బాగుపడ్డారు. నాలాంటివాడి జేబుకు ఇది అంత మంచి వార్త కాదు, రణస్థలం నుంచో రాజాం నుంచో బస్సెక్కి రావాల్సినవాళ్లకు మాత్రం మంచి వార్తే. ఒక్కసారి వెళ్లండి, పద్ధతి సరిచేయించుకోండి, వచ్చి ఇంట్లో చేయండి. ‘కరెంటు’ పది రోజుల ప్యాకేజీ ఇస్తామంటే, దానితో పాటు ఏ వ్యాయామం నేర్పుతారో ముందు అడగండి.

ఇక భుజం కీలు పైనుండే ఎముకను కొంత గీకే ఆపరేషన్. స్వీడన్‌లో దీని కోసం వరసలో ఉన్న 102 మందికి ముందుగా సూదిమందు ఇచ్చి రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు కఫ్‌కూ భుజం పలక కండరాలకూ బలం పెంచే వ్యాయామాలు, రెండో జట్టుకు బరువు లేని మామూలు కదలికలు నేర్పారు. వ్యాయామాలు నడిచింది 12 వారాలు. ఆ తర్వాత ఆపరేషన్ కావాలన్నవాళ్లు మొదటి జట్టులో 20 శాతం, రెండో జట్టులో 63 శాతం. అది 2012 నాటి మాట. 2018లో బ్రిటన్, ఫిన్లాండ్ డాక్టర్లు విడివిడిగా, కొంతమందికి నిజంగా ఎముక గీకి, కొంతమందికి లోపల చూసి ఊరికే కుట్లేసి పోల్చి చూశారు. రెండు చోట్లా రోగికి చెప్పుకోదగ్గ తేడా తెలియలేదు. ఎవరైనా మీకు ఈ ఆపరేషన్ చెబితే, మూడు నెలలు వ్యాయామం చేసి వస్తానని అడగడానికి మొహమాటపడకండి.

పని మానక్కర్లేదు, మార్చుకోవాలి

దండెం ఒక అడుగు కిందికి కట్టండి. రోజూ తీసే డబ్బాలు పై అరలోంచి నడుము ఎత్తుకు దించండి. బోర్డు మీద రాసే టీచర్లు పైభాగం వదిలి కళ్ల ఎత్తులో రాయండి. పొందూరు వైపు మగ్గం మీద కూర్చునేవాళ్లు గంటకోసారి లేచి చేతులు వెనక్కి పెట్టి ఛాతీ విప్పండి. సున్నం వేయాల్సి వస్తే నాలుగు రోజుల పని పది రోజులకు పరచండి. కళింగపట్నం వైపు వల లాగేవాళ్లకు ఏం చెప్పాలో కొంచెం ఆలోచించాల్సిందే, వల ఆగదు, పక్కవాళ్లు ఆగరు. చేతులతో కాకుండా కాళ్లతో వెనక్కి తోసుకుంటూ లాగడం, నొప్పి ఉన్న చేతిని తాడు మీద తక్కువ ఎత్తులో ఉంచడం కొంత ఉపయోగపడతాయి. వేటకు వెళ్లిన రోజున ట్యూబు ముట్టకండి. ఆ రోజుకు ఆ బరువే చాలు.

12 వారాలు చేయండి. ఆరు వారాలకు కొంచెం కూడా మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్టుకో ఎముకల డాక్టరుకో చూపించుకోండి, పద్ధతిలో తేడా ఉండొచ్చు, నొప్పి వేరేది కావచ్చు. 12 వారాలకు బాగుపడ్డాక వారానికి రెండు రోజులు కొనసాగిస్తే చాలు. ఉభాలకు (వరినాట్లకు), కోతలకు, పండగ సున్నాలకు నెల ముందు మాత్రం మళ్లీ మూడు రోజులకు పెంచండి. మధ్యలో ఎప్పుడైనా నొప్పి తిరగబెడితే గోడ దగ్గర నుంచి మొదలుపెట్టి పైకి రండి, రెండోసారి అంత సమయం పట్టదు. ట్యూబును ఎండలో వదలకండి, ఏడాదికోసారి మార్చండి.